రాయిలో దిగిన పొయ్యి

నిప్పుకి మైల లేదంటారు. మా అమ్మమ్మని అడిగితే ఇంకో సంగతి చెప్పేది. అగ్గిపెట్టె కొనడానికి కూడా వెనకాడే రోజుల్లో ఆమె పొద్దున్నే ఊళ్ళోకి నిప్పు అడుక్కోడానికి పోయేది. ఆసామి ఇంటి దొడ్డిగుమ్మం బయట నిలబడితే, ఆ ఇంటామె పెంకులో నాలుగు నిప్పులు తెచ్చి నేల మీద పెట్టి వెనక్కి జరిగేది. ఆమె జరిగినాక అమ్మమ్మ వంగి తీసుకోవాలి. చేతి నుంచి చేతికి నిప్పు కూడా రాలేదు మాకు. నీళ్ళ కోసం 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువుకి మనవాళ్ళని నడిపించాడు. ఆ సంగతి ఏటా చెప్పుకుంటాం, పిల్లలకి చెప్తాం. నిప్పు గురించి మాత్రం అంతగా మాట్లాడుకోం. పొయ్యి ఆడవాళ్ళ సంగతి కాబట్టి కావచ్చు.

నేను ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లెలో పుట్టాను. కారంచేడు జరిగిన మూడేళ్ళకి, 1988లో. మా ఇంట్లో వంటిల్లని వేరే లేదు. వసారాలో ఓ మూల మట్టిపొయ్యి, అంతే. అందులోకి ఏది దొరికితే అది. కంపపుల్లలు, కందికట్టె, పత్తికట్టె, తోటలు అయిపోయినాక ఆసామి పీక్కుపొమ్మంటే పొగాకు కట్టె. ఆ పొగ మీలో ఎంతమంది పీల్చారో నాకు తెలీదు. కళ్ళల్లో కారం కొట్టినట్టుంటుంది, గొంతు గీరుకుపోతుంది. అమ్మ పగలంతా పొగాకు గ్రేడింగుకు పోయి ఆ ఘాటు పీల్చి, రాత్రి ఇంటికొచ్చి దాని కట్టె పొగ పీల్చేది. ఆ పొయ్యి వెలుగులోనే పదో తరగతి చదివానని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. ఆ పొగలో ఎవరూ చదవలేరు. వీధిలైటు కింద చదివాను.

అయితే ఆ పొయ్యి గురించి ఇంకోటి కూడా చెప్పాలి. రోజు మొత్తంలో అమ్మ కూర్చునేది దాని ముందరే. చేలో వంగి, గ్రేడింగులో నిలబడి, నీళ్ళ బిందెతో నడిచి, చివరికి పొయ్యి ముందు పీటేసుకుని కూలబడేది. కాళ్ళు చాపుకునేది. ఆ కాసేపట్లోనే మాతో మాట్లాడేది. ఈ సంగతి తరవాత నాకు బాగా అవసరమైంది.

1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా గ్రూపులో ఉన్నందుకు అమ్మకీ గ్యాసు కనెక్షను వచ్చింది. మొదటి సిలిండరు ఎంతకాలం వచ్చిందనుకుంటున్నారు? ఏడాదిన్నర. చుట్టాలొచ్చినప్పుడు టీ, జ్వరం వచ్చినప్పుడు జావ. మిగతా అంతా కట్టెలే. నింపించడానికి వారం కూలి డబ్బులు పోతుంటే ఎవరు వెలిగిస్తారు? సిలిండరు మీద గుడ్డ కప్పి మూలన పెట్టింది.

2012 డీఎస్సీలో నాకు స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. లెక్కలు. మా వంశంలో డిగ్రీ మొహం చూసినదాన్ని నేనే మొదలు. పెళ్ళయింది. బడికి దగ్గరని టౌన్లో ఇల్లు వెతికాం. "మీరేమిట్లు?" అని అడిగేవాళ్ళు. మా ఆయన దాచడు. "ఎస్సీలమండీ" అనేవాడు. "అయ్యో, నిన్ననే ఎవరికో మాటిచ్చామండీ" అనేవాళ్ళు. గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉండేది. దొరికిన ఇళ్ళలో షరతులు. "నీచు వండకూడదు." తినే తిండికి 'నీచు' అని పేరు పెట్టిన భాష మనది, ఏం చేస్తాం. తొమ్మిదేళ్ళలో నాలుగిళ్ళు మారాం. పెద్దకూర తెచ్చుకున్న ఆదివారం వంటగది కిటికీ మూసి, తలుపు సందులో తడిగుడ్డ పెట్టి, కుక్కర్ విజిల్ కూడా నొక్కిపట్టి వండేదాన్ని. పొద్దున బడిలో పిల్లలకి సమానత్వ గుర్తు నేర్పించి, సాయంత్రం ఇంట్లో ఈ పని.

మూడో ఇంట్లో వాసన బయటికి పోనే పోయింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఆ రోజు అన్నిటికంటే ముందు బయటికొచ్చింది పొయ్యే. రెగ్యులేటర్ విప్పి, ట్యూబు చుట్టి, స్టవ్ తెచ్చి వాకిట్లో పెట్టాం. మిగతా సామాను ఆటోలోకి ఎక్కిస్తుండగానే ఇంటామె బకెట్టుతో పసుపునీళ్ళు తెచ్చి వంటగట్టు కడిగింది. గట్టు ఒక్కటే. పడగ్గది కడగలేదు, బాత్రూం కడగలేదు. వాకిట్లో స్టవ్ పక్కన నిలబడి ఆ నీళ్ళు తూములోంచి పసుప్పచ్చగా రావడం నేను చూశాను.

ఇల్లు కట్టుకుంటే పొయ్యి గట్టులోకే దించాలని నాకు అప్పుడు పడింది. గట్టు మీద పెట్టి, గట్టు మీంచి ఎత్తే పొయ్యి కాదు. రాయి కోసి, రాయిలో కూర్చోబెట్టిన పొయ్యి.

2023లో పల్లెలో అమ్మ పేరు మీదున్న పట్టా స్థలంలో బ్యాంకు లోనుతో కట్టాం. రెండు గదులు, హాలు, వంటిల్లు. నేను హాబ్ కొంటానన్నాను. హాబ్ అంటే గట్టుకి కన్నం కోసి అందులో దించే గ్యాస్ పొయ్యి. పైకి అద్దం, బర్నర్లు, గుబ్బలు కనిపిస్తాయి. దాని ఒళ్ళంతా గట్టు కిందికి వేలాడుతుంది. స్టాఫ్‌రూమ్‌లో మాట వస్తే ఒక సార్ నవ్వుతూ అన్నాడు: "మీకెందుకండీ మేడమ్ హాబ్, మామూలు స్టవ్ చాలదూ?" ఆయనింట్లో ఉన్నదీ హాబే. ఆ 'మీకు' అన్న ముక్క ఎన్నిసార్లు విన్నానో. మీకెందుకు బీఎస్సీ, మీకెందుకు లెక్కలు, మీకెందుకు ఏసీ బస్సు.

ఇంకోవైపు నుంచి కూడా మాటొచ్చింది. ఉద్యమంలో తిరిగే తమ్ముడొకడు చనువుగా అడిగాడు. "ఏందక్కా, మనం కూడా మధ్యతరగతి కిచెన్లకి వచ్చామా? పల్లెలో ఇంకా కట్టెపొయ్యిలే ఉన్నాయి గదా." అతను అడిగిందాంట్లో తప్పేం లేదు. పల్లెలో ఇంకా కట్టెలతో వండుతున్న ఇళ్ళు ఉన్నమాట నిజం. వాళ్ళ ఎదురుగా పద్ధెనిమిది వేలు పెట్టి అద్దం పొయ్యి కొనడం నాకూ కొంచెం గుచ్చుకుంది. అయితే తమ్ముడూ, నువ్వు ఏ రోజైనా ఆ పొయ్యి ఊదావా? ఊదినవాళ్ళు ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. పల్లెలో ఆడవాళ్ళంతా వచ్చి గుబ్బలు తిప్పి చూసి, "ఎంతైంది?" అని అడిగి పోయారు.

ఇక రాయి. మా నాయన ముప్ఫై ఏళ్ళు చీమకుర్తి క్వారీల్లో డ్రిల్లింగ్ కూలి. చీమకుర్తి రాయి తెలుసు గదా, నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. బ్లాక్ గెలాక్సీ అని పేరు. పెద్ద పెద్ద దిమ్మెలుగా ఓడలెక్కి విదేశాలకు పోతుంది. నాయన 'గలాసీ' అనేవాడు. అదేదో కంపెనీ పేరనుకునేవాడు. గెలాక్సీ అంటే నక్షత్రాల గుంపని నేను డిగ్రీలో చేరినాక చెప్తే, "అట్నా, మరి పగలే కనబడతయ్యే" అన్నాడు. దుమ్ముకి దగ్గి దగ్గి 2016లో పోయాడు. ఆ రాయి పాలిషు పట్టినాక ఒక ఇంట్లో ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. నేను కొన్నది కూడా ఫస్టు రకం కాదు. మధ్యలో సన్నటి గీత ఉందని పక్కన పడేసిన పలక. గీత ఉన్నచోటే కన్నం వచ్చేటట్టు చూసుకున్నాం, సరిపోయింది.

గట్టు ఎత్తు దగ్గర మేస్త్రీతో పేచీ వచ్చింది. ముప్ఫై నాలుగంగుళాలు వేస్తానంటాడు, అందరికీ అంతే అంటాడు. మా అమ్మ అయిదడుగులు లేదు. ముప్ఫై నాలుగంగుళాల గట్టు మీద కుండ పెడితే ఆమెకి లోపల కూర కనబడదు. ముప్ఫై ఒకటి వేయించాను. అంతకన్నా దించితే సిలిండరు కన్నా పొయ్యి ఎత్తులో ఉండాలన్న నియమానికి అటూ ఇటూ అవుతుంది. కూర్చుని వండుకునే మనిషిని నిలబెడుతున్నామని నాకు తెలుసు. అందుకే పక్కన ఎత్తు స్టూలు కూడా చేయించాను.

కిటికీ దగ్గర నేనే పేచీ పెట్టాను. పొయ్యి కిటికీకి ఎదురుగా ఉండాలి, కిటికీ బార్లా తీసి వండాలి. ఇన్నేళ్ళు మూసుకుని వండినదాన్ని. రాయి కోసే కుర్రోడు మా పల్లెవాడే, చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని. వరసకి మేనల్లుడు. "అత్తా, కిటికీకి ఎదురు పెడితే గాలికి మంట ఆరుద్ది. మంట ఆరినా గ్యాసు వస్తానే ఉంటది" అన్నాడు. అది నిజం. మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగే ఏర్పాటున్న హాబ్‌లు ఉన్నాయి, వాటికి రేటు ఎక్కువ. అడుగున్నర పక్కకి జరిపాం. కిటికీ తీసే ఉంటుంది, గాలి నేరుగా మంట మీదికి రాదు.

కోత ఎట్లా ఉంటుందో వివరంగా రాస్తాను. చాలామంది ఇళ్ళలో ఇక్కడే పలక పగులుతుంది. హాబ్ పెట్టెలో కాగితం మీద కన్నం కొలత ఇస్తారు. ఒక్కో మోడలుకి ఒక్కో కొలత. మాది 56 సెంటీమీటర్ల పొడవు, 48 వెడల్పు. అద్దం అంతకన్నా పెద్దది కాబట్టి చుట్టూ అంచు రాయి మీద ఆనుకుంటుంది. అద్దం కొలతకి కోశారో, పొయ్యి కిందికి జారిపోతుంది. గీత గీసినాక నేను టేపు తీసుకుని రెండు కర్ణాలూ కొలిచాను. పొడవూ వెడల్పూ సరిగ్గా ఉన్నా మూల లంబకోణం కాకపోతే పెట్టె దిగదు. పైథాగరస్ లెక్కన 73.8 దగ్గర రెండూ కలవాలి. ఒకటి నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. చెరిపి మళ్ళీ గీశాడు. "నీ దగ్గర చదువుకునే పిల్లోళ్ళు చచ్చిపోతుంటారు అత్తా" అన్నాడు.

గీత గీయగానే మిషను పెట్టకూడదు. ముందు నాలుగు మూలలా గుండ్రటి కన్నాలు వేశాడు. కోసే చక్రం గుండ్రం కదా, మూల దాకా తిన్నగా పోతే పైన గీత దాటి కోస్తుంది, కింద తెగకుండా మిగులుతుంది. ఆ దాటిన కోత దగ్గరే తరవాత వేడికీ బరువుకీ పగులు మొదలవుతుంది. మూల గుండ్రంగా ఉంటే పగులు పట్టదు. గట్టు ముందువైపు రాయి రెండంగుళాల పైచిలుకే మిగులుతుంది కాబట్టి పలక ముందే కోసి మోసుకొస్తే ఆ సన్న పట్టీ విరుగుతుంది. పలక గట్టు మీద పరిచినాకే కొయ్యాలి. కింద కడప బండ ఉంది, దాన్ని కూడా కొయ్యాలి. దాన్ని గ్రానైట్ కన్నా చుట్టూ రెండు సెంటీమీటర్లు ఎక్కువ కోశాడు. హాబ్ కింద బిగించే క్లాంపులు గ్రానైట్‌నే పట్టుకోవాలి. రెండు బండల మందానికి వాటి స్క్రూలు అందవు.

నేను పట్టుబట్టిన ఇంకో మాట నీళ్ళు. కోతకి వాడు పొడిగానే మొదలెట్టబోయాడు, తొందరగా అవుతుందని. నేను మగ్గు పట్టుకుని పక్కన నిలబడి చక్రం మీద సన్నగా నీళ్ళు పోస్తూ ఉన్నాను. మిషను కరెంటుది, వైరు తడవకుండా ఎత్తిపెట్టాం. ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే నవ్వాడు. "మీ తాత ఎట్లా పోయాడో చూశావు గదరా" అన్నాను. కట్టుకున్నాడు. నీళ్ళు పోసినా నల్లటి బురద గోడ మీదంతా చిమ్మింది. గంటన్నర పట్టింది. ఆఖరి కోతకి కింద ఇద్దరు పట్టుకుంటే ముక్క మెల్లగా దిగింది. అంచులు సానరాయితో రుద్దాడు.

మర్నాడు కంపెనీ తరఫున ఫిట్టర్ వచ్చాడు. ఆయన చేసిన పని పావుగంటది. కానీ అందులోనే నాకు ఇష్టం లేని సంగతి ఒకటి బయటపడింది. మా ఆయన ముందురోజే సిలికాన్ ట్యూబు తెచ్చిపెట్టాడు, చుట్టూ గట్టిగా అంటించేద్దామని. నాకూ అదే కావాలి. ఇంక ఎవరూ ఎత్తలేకుండా. ఫిట్టర్ దాన్ని తీసి పక్కన పెట్టాడు. "వద్దు మేడమ్. అద్దం కింద సిలికాన్ పెడితే రేపు రిపేరుకి ఎత్తాలంటే అద్దం పగలగొట్టాల్సిందే. దీనికి స్పాంజి టేపు ఇస్తారు" అన్నాడు. గోడా గట్టూ కలిసే సందులోకి ఆ సిలికాన్ వాడుకోమన్నాడు. అద్దం అంచు కింద చుట్టూ ఆ టేపే అంటించాడు. దానికి ముందు రాయి మీద దుమ్ము తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టించాడు, దుమ్ము మీద టేపు నిలవదు. టేపు చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా సరిగ్గా ఆనించి కోశాడు. ఎక్కితే అక్కడ ఎత్తై అద్దం ఊగుతుంది, కింద స్క్రూ బిగించినప్పుడు చిట్లుతుంది. క్లాంపులు కూడా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాడు. టేపు ఉన్నది పొయ్యిని అంటించడానికి కాదట. పాలు పొంగితే, నీళ్ళు ఒలికితే కిందికి, గ్యాసు గొట్టం మీదికి కారకుండా ఆపడానికట.

అంటే మళ్ళీ ఎత్తగలిగే పొయ్యే. నాలుగు స్క్రూలు విప్పితే వచ్చేస్తుంది. కాసేపు ఉక్రోషంగా అనిపించింది. తరవాత ఆలోచిస్తే, స్క్రూలు విప్పేది ఎవరన్నదే కదా సంగతి. ఈ ఇంటి కాగితం మా అమ్మ పేరు మీద ఉంది.

నారింజ రంగు సురక్షా ట్యూబు బిగించి, సబ్బునురగ పూసి బుడగలొస్తున్నాయేమో చూశాడు. అగ్గిపుల్లతో చూడకూడదు. అయిదేళ్ళకి ట్యూబు మార్చమన్నాడు. సిలిండరు అర తలుపుకి కింద, నేలకి దగ్గరగా కన్నాలు పెట్టించమన్నాడు. గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది, కన్నం పైన పెడితే దండగ. ఈ మాట మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మలకి కూడా మర్నాడే చెప్పాను.

పని అయ్యేసరికి అమ్మ ఫ్రిజ్ లోంచి మూత తియ్యని కూల్‌డ్రింకు సీసా తెచ్చి ఫిట్టర్ ముందు పెట్టింది. బయటివాళ్ళొస్తే ఆమె ఎప్పుడూ సీలు తియ్యని సీసానే ఇస్తుంది. ఇంట్లో టీ పెట్టి ఇస్తే తాగకుండా ఏదో సాకు చెప్పి వెళ్ళినవాళ్ళని ఎంతమందిని చూసిందో! కాదనిపించుకోడం కన్నా ముందే ఆమె సీసా పెట్టేస్తుంది. ఆయన సీలు విప్పి తాగి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. కొత్త పొయ్యి మీద టీ పెడితే తాగేవాడో లేదో మాకు తెలీదు.

మొదటి వంట ఏమిటన్నదాని మీద ఇంట్లో పెద్ద చర్చ. మా అత్తగారు పాలు పొంగించమన్నారు. మా ఆయన కోడికూర అన్నాడు, సాయంత్రం బడి నుంచి టీచర్లు వస్తున్నారని. నేను పెద్దకూర అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "వాళ్ళొచ్చేవేళకి వాసనొస్తదమ్మాయ్. వద్దులే, ఆదివారం చేసుకుందాం" అంటుంది. సొంతింట్లో, సొంత పల్లెలో! మధ్యాహ్నానికే వండాను. తాలింపు వెయ్యగానే అమ్మ చెయ్యి అలవాటుగా కిటికీ రెక్క మీదికి పోయింది. నేను ఏమీ అనలేదు. రెక్క పట్టుకుని కాసేపు అట్లానే నిలబడింది. బయట పక్కింటి అత్త "ఏందే, ఇయ్యాల శుక్కురవారమే తెచ్చారే" అని కేకేసింది. అమ్మ రెక్క వదిలేసి, "కొత్త పొయ్యి గదే, గిన్నె తెచ్చుకో" అంది. టీచర్లు సాయంత్రం అయిదింటికొచ్చారు. ఇద్దరు తిన్నారు, ముగ్గురు స్వీటు తిని వెళ్ళారు.

ఇప్పటికి రెండేళ్ళు దాటింది. గుబ్బ నొక్కి తిప్పాలన్నది అమ్మకి మొదట్లో చేతకాలేదు, ఇప్పుడు ఆమే పక్కింటోళ్ళకి చూపిస్తుంది. వెలిగించే బ్యాటరీ ఒకసారి మార్చాం. స్టూలు మీద మాత్రం కూర్చోదు. "పొయ్యి మీదికెక్కి కూసున్నట్టుంది" అంటుంది.

కన్నంలోంచి వచ్చిన రాతిముక్క సంగతి చెప్పలేదు. మామూలుగా దాన్ని కోసినవాడే పట్టుకుపోతాడు. పూజ పీటకో కంప్యూటరు బల్లకో అమ్ముకుంటారు. మావాడు కూడా అడిగాడు. అమ్మ ఇవ్వనంది. లెక్కేస్తే పద్నాలుగు కిలోల రాయి. ఎత్తలేక ఎత్తి, పెరట్లో వేపచెట్టు కింద రెండు ఇటుకల మీద వేయించుకుంది. సాయంత్రం దాని మీద కూర్చుని కాళ్ళు చాపుకుని కూరాకు ఏరుతుంది, పల్లెలో ఆడవాళ్ళని పిలిచి కబుర్లు పెడుతుంది. నేను బడి నుంచి వచ్చేసరికి అక్కడే ఉంటుంది. పాలిషు పట్టిన వైపు నేలకి పెట్టి, గరుకు వైపు పైకి పెట్టించింది. నున్నంగా ఉంటే జారుద్దంట.